నాలుగు మూరల గుంత

బాగన్ దాతుక్
1911 సెప్టెంబరు 10

సిరంజీవి దాసుకి, మావ వీరాస్వామి దీవెనలు.

నానూ, మీ అత్త దాలమ్మా బతికే ఉన్నాం. క్లాంగ్‌లో గవర్నమెంటు కుర్సీ ఎక్కినాక నీకు మేం గుర్తున్నామో నేదో అని మీ అత్త రోజూ గొణుగుతాది. నాను మటుకు, పాపం వోడు ఆఫీసులో పాత కాగితాల దుమ్ము దులుపుకుంటన్నాడే అని నిన్నే ఎనకేసుకొస్తన్నాను. ఇప్పుడు ఆ దుమ్ముతోనే పని పడింది.

కొబ్బరి తోటకి కొత్త తువాన్ ఒచ్చినాడు, ఈడిని దొర అనడానికి నాకు నోరు రాదు, మలాయోళ్ళ మాటే సాలు. మొన్న కొలత గొలుసు పట్టించుకుని మన తెలుగు దిబ్బ మీదికి ఎక్కి, ఈ నేలంతా తోటదే, నలభై రెండు ఇళ్ళూ మార్చి నెల లోపల ఖాళీ సెయ్యాల, ఇక్కడ కొబ్బరి ఆరబెట్టే షెడ్లు కడతాం అన్నాడు. మరి నూకాలమ్మ గుడో అంటే అదీనంట. మన ముసిల్ది కూర్మమ్మ సీపురు పట్టుకుని ఎదురెల్లింది. నానే ఆపినాను.

ఒరే దాసూ, ఈ దిబ్బ ఎవుడు పోయించినాడు? మన హాక్స్‌వర్త్ దొర. ఈ సముద్రప్పోటుని ఆపి, బురదని తోట సేసిన కట్ట ఎవుడు కట్టించినాడు? ఆ దొరే. "వీరాస్వామీ, మీరు కట్టని కాసినన్నాళ్ళూ ఈ నేల మీది" అని నా ఎదట తెలుగులో అన్నాడు. ఆ మాట కాగితం మీద పెట్టినానని కూడా సెప్పినాడు. జిల్లా తువాన్ మంచోడే. కాగితం సూపిస్తే సాలు, ఎవురూ మిమ్మల్ని కదపరు అన్నాడు. కట్టల కాగితాలన్నీ ఇప్పుడు మీ ఆఫీసులోనే కదా. బేగి ఎతుకు.

మావ
వీరాస్వామి

క్లాంగ్
1911 సెప్టెంబరు 26

మావకీ అత్తకీ దాసు నమస్కారాలు.

మావా, నీ ఉత్తరంలో హాక్స్‌వర్త్ దొర మాట వచ్చిన చోటల్లా కలం ఎంత గట్టిగా ఒత్తావో, అక్కడ కాగితం చిల్లులు పడింది. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. కానీ చిన్నప్పుడు అన్నంతో పాటు ఆ దొర కథలు కూడా కలిపి పెట్టావు. నాకు అన్నం అరిగింది గానీ ఆ కథలు ఇంకా అరగలేదు.

వెతకడం మొదలుపెట్టాను. ఇక్కడ పాత కాగితాల కట్టలు ఒక గది నిండా ఉన్నాయి, సగం చెదలు తిన్నవి. దొర ఉద్యోగ చరిత్ర మాత్రం దొరికింది. ఇరవై ఒకటో ఏట సైన్యం ఇంజినీరుగా మద్రాసులో దిగాడు. కరువు తర్వాత మన శ్రీకాకుళం వైపు నాగావళి కాలవల మీద ఆరేళ్ళు పనిచేశాడు. తెలుగు అక్కడే నేర్చుకున్నట్టున్నాడు. తర్వాత బర్మాలో వంతెనలు, ఆ తర్వాత ఇక్కడ కట్టలు. ఇప్పుడు ఎక్కడో సముద్రాల అవతల ఒక పెద్ద దీవికి గవర్నరు, పేరు ముందు సర్ కూడా తగిలింది. ఒప్పుకుంటాను, సామాన్యుడు కాదు.

కానీ ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఆ కట్ట కట్టేటప్పుడు జ్వరంతో పోయినవాళ్ళ లెక్క ఫైల్లో ఉంది. ఇద్దరు తెల్లవాళ్ళకి పేర్లున్నాయి, పుట్టిన ఊళ్ళున్నాయి. మనవాళ్ళకి పదిహేడు అన్న అంకె ఉంది, అంతే. ఇంత గొప్ప దొరకి పదిహేడు పేర్లు రాయడానికి సిరా లేకపోయిందా? నోటిమాటగా ఇచ్చిన నేల కాగితం మీద ఉంటుందని నాకు నమ్మకం లేదు మావా. అయినా వెతుకుతాను లా.

నీ మేనల్లుడు
దాసు

బాగన్ దాతుక్
1911 అక్టోబరు 9

దాసుకి దీవెనలు.

ఓరి గుంటడా! రెండు ఇంగిలీసు ముక్కలు రాగానే దొరని నిలదీసీసేవాడివైపోనావేటి? మాట సివర ఆ మలాయి తోక "లా" ఒకటి. నాకు రాసేటప్పుడు అది క్లాంగ్‌లోనే ఇడిచిపెట్టు.

పదిహేడు పేర్లూ ఉన్నాయి. నీ ఫైల్లో కాదు, దిబ్బ తూరుపు మూల పాతిన బాకావు సెట్టు దిమ్మ మీద ఉన్నాయి. దొర ఉలి పట్టించి తెలుగులో సెక్కించినాడు. పై ఆఫీసోళ్ళు అంకె సాలన్నారంట, అందుకే నాను దిమ్మ మీద రాయిస్తన్నాను అన్నాడు. సచ్చినోళ్ళని పూడ్సిన ప్రతిసారీ ఒచ్చి నిలబడినాడు. అంత జరిగినా పని ఆపనేదు, అదీ నిజవే. మట్టి బాగోకపోతే మోసుకొచ్చిన తట్ట కాలితో తన్నీసేవాడు. దేవుడని నాను ఏనాడూ అనలేదు. దొర అన్నాను.

ఆడు పని సేసే తీరు సెప్తాను ఇను. నాగావళి మీద మన పెద్దోళ్ళు మట్టి ఎలా సూసేవోరు? ముద్ద సేసి నీల్లలో ఏసి, మర్నాడు దాకా కరక్కుండా ఉంటేనే కట్టకి ఏసేవోరు. దొర అది మనోళ్ళ దగ్గరే నేర్సుకున్నాడు. ఇక్కడ ఉప్పునీటి బాల్చీల్లో మట్టి ముద్దలు ఏసి, వాటి ముందు పీట ఏసుకుని కూకునేవాడు. కట్ట మీద నడిసేటప్పుడు బూట్లు ఇప్పీసేవాడు. కట్ట ఎక్కడ మెత్తగా ఉందో పాదానికి తెలుస్తాది, బూటుకి తెలవదు అనేవాడు. మిగతా తెల్లోళ్ళు నవ్వేవోరు. నాకీ నాలుగు అచ్చరాలు ఒచ్చినాయంటే ఆడి మూలానే. రోజూ పోటు ఎంత ఎత్తు ఒచ్చిందో రాయడానికి నువ్వే గావాల అని పట్టుబట్టి నేర్పించినాడు.

ఇళ్ళ సంగతికి కూర్మమ్మ భయపడతన్నాది. ముసిల్ది, దాని మొగుడు అప్పడు పోయి ఆరేళ్ళయ్యింది. ఎక్కడికి పోతాది? భయం ఏసినప్పుడల్లా అప్పట్లో కట్ట తెగినప్పుడు కొట్టుకుపోయిన రెండు ఆవుల్నీ తల్సుకుని, కట్ట తెగడానికి కారణమైనోడి సేతులు పడిపోనూ అని తిడతాది. పదిహేనేళ్ళనించీ ఇదే పాట.

దిబ్బ కాగితం ఎతుకు. కట్ట తెగిన కాగితాలు మటుకు కదపకు. వాటితో మనకి పని నేదు.

మావ

క్లాంగ్
1911 నవంబరు 5

మావా,

దొరికింది! ఆఫీసులో ఎగిరి గంతేశాను. మా పెద్ద గుమాస్తా నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. ముందుగా నీకు క్షమాపణ. దిమ్మ సంగతి తెలియక నోరు పారేసుకున్నాను.

నువ్వు వద్దన్న కాగితాల్లోనే ఉంది అది. 1897లో కట్ట తెగినప్పుడు దొర తన పైవాళ్ళకి రాసిన రిపోర్టు. ఎన్నిసార్లు చదివానో. ఇంగ్లీషు నుంచి నా తెలుగులోకి దింపి రాస్తున్నాను, మెల్లగా చదువుకో.

"ఈ తెలుగువారు ఏటా కొత్త అమావాస్యకు తమ అమ్మవారి పేర ఒక రాట పాతుతారు. చుట్టూ బురద కావడంతో కట్ట మీదే పాతుకోనిచ్చాను. ఒక్క మూర లోతు మించకూడదనీ, రాళ్ళు పేర్చి నిలబెట్టమనీ ఆజ్ఞ ఇచ్చాను. ఈ ఏడు ఒకడు నాలుగు మూరలు తవ్వాడు. గుంత కట్ట మధ్యనున్న బంకమట్టిని దాటిపోయింది. అమావాస్య పోటుకి నీరు రాట పక్కనుంచి ఊరింది, కట్ట తెగింది. ఆజ్ఞ ఇవ్వడం తేలిక. రాట ఒరిగితే వారికి అదెంత కీడో తెలిసి కూడా నేను వారికి పొడినేల ఇవ్వలేదు. కనుక తప్పు తవ్వినవాడిది కాదు, నాది. వాడి పేరు రాయను."

తర్వాతి పేరాలో మన దిబ్బ ఉంది! "వారికోసం ఐదెకరాల దిబ్బ పోయిస్తున్నాను. ఇళ్ళకూ అమ్మవారికీ అది వారిది, వారు కట్టను కాచినంతకాలం." కింద పైవాళ్ళ ఒప్పుదల, ముద్ర. మావా, ఇళ్ళు దక్కినట్టే!

నకలు రాయించి, ముద్ర వేయించి జిల్లా ఆఫీసుకి పంపాను. ఒక్క సందేహం. ఆ తవ్వినవాడు ఎవరు? నువ్వు మేస్త్రీవి, నీకు తెలియకుండా ఉండదు.

దాసు

బాగన్ దాతుక్
1911 నవంబరు 20

దాసుకి,

కాగితం దొరికింది. సంతోషం. మీ అత్త అమ్మవారికి కోడిని మొక్కింది.

తవ్వినోడు ఎవుడైతే నీకేటి? పాత సంగతి. వానలు బాగా పడతన్నాయి. నీకు దగ్గు తగ్గిందా?

వీరాస్వామి

క్లాంగ్
1911 డిసెంబరు 12

మావా,

నాకు దగ్గే లేదు.

జిల్లా ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. కాగితం ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక ఉంది. దిబ్బ అంచులు తోట మట్టిలో కలిసిపోయాయి కాబట్టి ఐదెకరాలు ఎక్కణ్ణించి కొలవాలన్నది తగువు. రాట పాతిన చోటునుంచి లోపలికి అరవై గజాలు కొలిచి అక్కడ మొదలుపెట్టమని రిపోర్టులో ఉంది. తోటవాళ్ళేమో తూము దగ్గరనుంచి కొలవాలంటున్నారు. అలా కొలిస్తే మన దిబ్బలో మూడొంతులు వాళ్ళకి పోతుంది. తర్వాత కట్టంతా ఎత్తు పెంచి గడ్డి వేశారు కాబట్టి చూసి చెప్పడం కుదరదట. మనవాళ్ళని అడిగితే తలొక చోటు చూపించారట.

దొర చివర్లో ఈ వాక్యం రాశాడు. "ఆ చోట గడ్డి కింద రైలుపట్టా ముక్క నిలువుగా పాతించాను. అది ఎక్కడుందో నాకూ, గుంత తవ్వినవాడికీ తప్ప తెలియదు." జనవరి ఎనిమిదిన జిల్లా తువాన్ కట్ట మీదికి వస్తాడు. ఆ రిపోర్టంతా అందరి ముందూ చదివిస్తాడు. పట్టాముక్క చూపించగలిగినవాడు ముందుకి రావాలి. రాకపోతే తూము కొలతే ఖాయం.

అంటే చూపించినవాడే తవ్వినవాడని ఊరందరికీ తెలిసిపోతుంది.

మావా, చిన్నప్పుడు నీ వెనకే కట్ట మీద నడిచేవాణ్ణి. ఒక చోట నువ్వు అడుగు వేసేవాడివి కాదు, దాటి పోయేవాడివి. ఎందుకు మావా అంటే అక్కడ పాముంది అన్నావు. పదేళ్ళు ఒకే చోట కదలకుండా ఉండే పాము ఏ దేశంలో ఉంటుంది? నాకు తెలిసిపోయింది. నీ మీద గౌరవం వీసమంత కూడా తగ్గలేదు.

ఇంకొకటి దాచాలనుకున్నాను, దాచలేను. ఆ ఏడు దొరకి ఒక దీవి గవర్నరు పదవి ఖాయమై ఉంది. తప్పు నాది అని రాసినందుకు అది వేరేవాళ్ళకి పోయింది. ఆయన్ని పహాంగ్ అడవుల్లో రోడ్లు వేయడానికి పంపారు. గవర్నరు కావడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. తవ్వినవాడి పేరు రాసి ఉంటే ఆయనకి ఏమీ అయ్యేది కాదు. ఇన్నాళ్ళూ నిన్ను వెక్కిరించాను గానీ మావా, నీ దొర నిజంగా గొప్పవాడే.

దాసు

బాగన్ దాతుక్
1911 డిసెంబరు 27

నాయనా దాసూ,

నీ ఉత్తరం ఒచ్చి వారం అయ్యింది. మీ అత్త అన్నం పెట్టి పిలిస్తే ఎల్లాలనిపించనేదు.

ఆరేళ్ళు. ఆ ఒక్క ముక్క నాకు తెలవదురా. పోటు ఎక్కువొచ్చి తెగింది అని రాసుంటాడు అనుకున్నాను. నా గుంతకి ఆ మహానుబావుడు ఆరేళ్ళు అడవిలో ఉన్నాడా? నానేమో ఇక్కడ కట్ట కావలోడినని తలపాగా సుట్టుకుని తిరిగినాను. సిగ్గుతో సచ్చిపోతన్నాను.

నానే తవ్వినాను. ముందటేడు దొర సెప్పినట్టే మూర లోతున పాతి రాళ్ళు పేర్సినాం. మూడోనాటికి రాట ఒరిగిపోయింది. ఆ నెలలోనే మీ అత్తకి పుట్టిన ఆడపిల్ల పోయింది. పందొమ్మిది రోజుల పిల్ల. అమ్మకి కోపం ఒచ్చిందని మీ అత్త తల బాదుకుంది. అందుకని మరుసటేడు నానొక్కణ్ణే పొద్దున్నే ఎల్లి, ఎవురూ నేనప్పుడు, నాలుగు మూరలు తవ్వినాను. రాట నిటారుగా నిలబడింది. అందరూ ఎంత బాగుంది అన్నారు. మజ్జానం పోటుకి రాట మొదట్లోంచి నీటి ఊట కనిపించింది. సెయ్యి పెట్టి మూసినాను. మూస్తే ఆగుతాదేటి?

తెగినచోట పూడ్సేటప్పుడు దొర బూట్లిప్పి ఒచ్చి నా పక్కన నిలబడినాడు. ఎవురికీ ఇనబడకుండా "ఎన్ని మూరలు?" అన్నాడు. "నాలుగు" అన్నాను. ఇంకేం అడగనేదు. రైలుపట్టా ముక్క నా సేతే పాతించి, ఇక ఈ కట్ట నువ్వే కాయాల అన్నాడు. అప్పట్నించీ కాస్తన్నాను. ఒక్క ఎండ్రకాయ బొక్క కూడా ఒదలనేదు.

అప్పుడు ఉప్పునీరు ఎక్కి మూడేళ్ళు కాయగూర మొలవనేదు. కూర్మమ్మ ఆవులు పోయినాయి. ఆ ముసిల్దాని ఎదట నిలబడి అది నానే అని ఎలా సెప్పనురా? నా సెయ్యి పట్టుకుని నడిసిన జనం నా మొహం సూస్తారా? కానీ నాను నోరు మూసుకుంటే నలభై రెండు ఇళ్ళు పోతాయి. దొర నా పేరు దాసింది నా ఒక్కడి పరువు కోసం. ఇప్పుడు దాన్ని దాసుకుని కూకుంటే ఆడు పడిన ఆరేళ్ళూ బురదలో పోసినట్టే.

ఎనిమిదో తారీకున నాను ఎల్తాను. మీ అత్తకి నిన్న సెప్పినాను. సానాసేపు ఏడిసింది. ఏడిసి, తలపాగా ఉతికి ఆరేసింది.

మావ

బాగన్ దాతుక్
1912 జనవరి 10

దాసూ,

నీ జవాబు రాకముందే రాస్తన్నాను. ఆగలేకపోయినాను.

మొన్న అందరూ ఒచ్చినారు. జిల్లా తువాన్, తోట తువాన్, గొలుసోళ్ళు, మన ఇళ్ళవోళ్ళందరూ. దుబాసీ కాగితం అరవంలో సదివినాడు. మనోళ్ళకి అరవం ఒచ్చు గదా, అంతా అర్దమయ్యింది. తవ్వినోడు ఎవుడు, ముందుకి రా అన్నాడు. తలపాగా తీసి సంకలో పెట్టుకున్నాను. సెప్పులు ఇప్పీసినాను. నేరుగా ఎల్లి, పదిహేనేళ్ళు దాటిపోయిన సోటు మీద రెండు పాదాలూ పెట్టి నిలబడినాను. ఇక్కడే, నానొక్కణ్ణే తవ్వినాను అన్నాను.

పలుగుతో తవ్వితే అడుగు లోతున పట్టాముక్క టంగుమంది. గొలుసోళ్ళు అక్కణ్ణించే కొలిసినారు. మన ఐదెకరాలూ మనకే! తోట తువాన్ ఎర్రగా సూసి గుర్రం ఎక్కీసినాడు.

కూర్మమ్మ లేసి నా ఎదటికి ఒచ్చింది. కొడతాదనుకుని తల ఒంచినాను. "నానొక్కణ్ణే అన్నావేటి? అబద్దాలకోరా! మా అప్పడు పలుగు పట్టనేదా?" అంది.

అవును దాసూ. ఆ సంగతి నీకూ రాయనేదు. అప్పడు నాతో ఒచ్చినాడు. సచ్చిపోయినోడి పేరు ఎందుకు లాగడం అని దాసినాను.

కూర్మమ్మ ఇంకా అంది, "సచ్చేముందు నాతో అంతా సెప్పినాడు. అంతకుముందు ఎవుడో తెలవక తిట్టినాను, ఆరేళ్ళనించీ తెలిసే తిడతన్నాను. నాను తిడతన్నది నా మొగుణ్ణి! నా ఆవుల్ని ఒదిలీసి దేవుడి రాట సూసుకున్నాడని తిడతన్నాను. నిన్ను తిట్టాలంటే నీ మొహం మీదే తిట్టనా? నాకేటి బయమా?" అని, నా సంకలోంచి తలపాగా లాగి నా నెత్తిన పెట్టింది. వంకరగా పెట్టింది. నాను సరిసేసుకోనేదు, అలాగే ఇంటికొచ్చినాను.

దొర ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కో. నాను ఒక దండం పెట్టుకోవాల.

మావ

క్లాంగ్
1912 ఫిబ్రవరి 25

మావకి దాసు సాష్టాంగ నమస్కారం.

నీ ఉత్తరం చదివి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. కూర్మమ్మ అవ్వకి నా దండాలు చెప్పు.

నీకు కబురు పంపే వ్యవధి లేకపోయింది, అదొక్కటే నా బాధ. దొర ఉద్యోగం విరమించి దేశానికి వెళ్తూ ఉంటే, ఆయన ఓడ మొన్న గురువారం క్లాంగ్ రేవులో ఆరు గంటలు ఆగింది. పేపర్లో పొద్దున చూశాను. ఆఫీసు చీటీ పట్టుకుని పడవెక్కి వెళ్ళిపోయాను. మా పెద్ద గుమాస్తా ఏమంటే అది పడదామనుకున్నాను.

ఓడ పై అంతస్తులో పడక కుర్చీలో ఉన్నాడు. పెద్ద మనిషి, తల నెరిసిపోయింది. వాతంతో పాదాలు వాచి, వాటికి గుడ్డలు చుట్టి ఉన్నాయి. పక్కనున్న నౌకరు నన్ను వెనక్కి తోసేలోగా తెలుగులో అరిచాను, "అయ్యా, నేను వీరాస్వామి మేనల్లుణ్ణి!" అని. ఆయన లేవబోయాడు. లేవలేక కూర్చుని, రమ్మని చెయ్యి చాపాడు. నా పాదాలకేసి చూసి, "బూట్లు వేసుకున్నావే! వీరాస్వామి ఏమీ అనలేదా?" అన్నాడు. ఆ తెలుగు తుప్పు పట్టింది గానీ మన తెలుగే మావా, నాగావళి తెలుగు.

నువ్వు అందరి ముందూ నిలబడి చెప్పింది చెప్పాను. పహాంగ్ సంగతి ఎత్తి, మా మావ చాలా బాధపడుతున్నాడన్నాను. "గవర్నరు పనిలో నేను మట్టి ముట్టుకున్నది తక్కువ. పహాంగ్‌లో ఆరేళ్ళూ మట్టిలోనే ఉన్నాను. బాధపడొద్దని చెప్పు" అన్నాడు. మర్యాదకి అన్నాడో నిజమో నాకు తెలియదు. కానీ అన్నప్పుడు నవ్వాడు.

నేను దిగేటప్పుడు వెనక్కి పిలిచాడు. "ఇప్పుడు రాట దిబ్బ మీదే పాతుతున్నారు కదా. ఎన్ని మూరలు?" అన్నాడు.

నాకు జవాబు తెలియలేదు మావా! ఇన్నేళ్ళు మన ఇంట్లో పెరిగి ఆ ఒక్క సంగతి తెలియదు. కనుక్కుని రాస్తానన్నాను. తన ఊరి చిరునామా ఇచ్చాడు. నువ్వు చెబితే ఇంగ్లీషులో రాసి పంపుతాను.

దాసు

బాగన్ దాతుక్
1912 మార్చి 20

దాసుకి దీవెనలు.

అయ్యో, ఒక్క రోజు ముందు తెలిస్తే ఈత కొట్టుకునైనా ఒచ్చీసేవాణ్ణి. ఆడి పాదాలు వాసినాయన్నావు, ఆ మాటే పట్టుకుని మీ అత్త కళ్ళు తుడుసుకుంటన్నాది.

మొన్న కొత్త అమావాస్య పండగ అయ్యింది. కట్ట మీద పెద్ద పోటు ఒచ్చింది, సుక్క నీరు ఊరనేదు. పొద్దున్నే నాను ఎల్లి సూసినాను, ఆ సోటు మీద నడిసే ఎల్లినాను.

దొరకి ఇంగిలీసులో వొద్దు. ఈ కిందిది తెలుగులోనే, నా సేతి రాతే, కత్తిరించి పంపు. ఆడు సదువుకుంటాడు.

"దొర గారికి వీరాస్వామి దండాలు. దిబ్బ మీద ఇన్నాళ్ళూ రాటకి గుంత నాను తవ్వనేదు, వేరేవోళ్ళు తవ్వేవోరు. నాకు సెయ్యాడేది కాదు. ఈ ఏడు కూర్మమ్మ పలుగు తెచ్చి నా సేతిలో పెట్టింది. నాలుగు మూరలు, దొరా. అందరూ సూస్తుండగా తవ్వినాను."

మావ
వీరాస్వామి